క్రైస్తవ విశ్వాసంలో వెలుగు – చీకటి

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దీపం వెలిగించి సభను ప్రారంభించడం ఈ దేశంలో తరతరాల ఆచారం. సంధ్యవేళ ఇంటి ముంగిట దీపం, ఆలయంలో దీపం, ప్రార్థనా మందిరంలో కొవ్వొత్తి, పాఠశాల చిహ్నంలో జ్యోతి. మతమేదైనా, భాష ఏదైనా, వెలుగు మంచికి గుర్తు, చీకటి చెడుకు గుర్తు అని పసిపిల్లలకు సైతం తెలుసు. అయితే అందరికీ తెలిసినదని అనుకొనే విషయాన్నే ఒక్కొక్కసారి నిదానించి చూడవలసి వస్తుంది. ఈ రెండు మాటల వలన లోకంలో ఎంతో మేలు జరిగింది. వాటి పేరిటనే మనుషులు మనుషులను కించపరచడం కూడా జరిగింది. “మేము వెలుగులో ఉన్నాము, వారు చీకటిలో ఉన్నారు” అనే మాట ఎంత తేలికగా నోటికి వస్తుందో అందరూ ఎరిగినదే. ఆ మాటను అంత తేలికగా పలకడానికి బైబిలు గ్రంథం అనుమతి ఇస్తుందా? ఈ ప్రసంగంలో ఆలోచించదలచినది ఆ ఒక్క ప్రశ్ననే.

బైబిలులోని మొదటి గ్రంథమైన ఆదికాండంలో సృష్టి కథ చీకటితో మొదలవుతుంది. దేవుని మొదటి పలుకుతో వెలుగు కలుగుతుంది. శ్రద్ధగా చదివేవారికి ఇక్కడ ఒక సందేహం రాక మానదు. వెలుగు కలిగినది మొదటి దినాన. సూర్యచంద్ర నక్షత్రాలు కలిగినవి నాలుగవ దినాన. సూర్యుడు లేని వెలుగు ఎక్కడిది? తరగతిలో చురుకైన విద్యార్థి ఎవరైనా అడిగే ప్రశ్న ఇది. ఆ కథ భౌతికశాస్త్ర పాఠంగా వ్రాయబడినది కాదు. ఇరుగుపొరుగు జాతులు సూర్యచంద్రులను దేవతలుగా కొలుస్తున్న కాలంలో, అవి కూడా సృష్టింపబడినవేననీ, వెలుగుకు మూలం వాటికి పూర్వమే ఉన్న దేవుడనీ చెప్పడం దాని ఉద్దేశం. మరొక విశేషం కూడా గమనించదగినది. దేవుడు చీకటిని నాశనం చేయలేదు. వెలుగునుండి వేరుచేసి, దానికి రాత్రి అని పేరు పెట్టి, దాని చోటు దానికి ఇచ్చాడు. ఆ కథలో దినం సాయంకాలంతో ఆరంభమై ఉదయానికి సాగుతుంది. యూదుల దినం ఈనాటికీ సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. శుక్రవారం పొద్దుగూకక ముందే ఇల్లాలు దీపాలు వెలిగించి విశ్రాంతి దినాన్ని ఆహ్వానిస్తుంది. విత్తనం మొలకెత్తేదీ, శిశువు రూపుదిద్దుకొనేదీ, అలసిన శరీరం సేద తీరేదీ చీకటిలోనే. కనుక చీకటి అంతా చెడ్డదని బైబిలు చెప్పడం లేదు.

మరి చెడ్డ చీకటి ఏది? నిర్గమకాండంలో దీనికి ఒక చక్కని దృష్టాంతం ఉన్నది. ఐగుప్తు రాజైన ఫరో ఇశ్రాయేలీయులను బానిసలుగా చేసి, ఇటుకల పనిలో వారి నడుములు విరిచి, ఎన్ని హెచ్చరికలు వచ్చినా విడువక పట్టుబట్టాడు. అప్పుడు వచ్చిన తెగుళ్లలో తొమ్మిదవది చీకటి. ఆ దేశాన్ని మూడు దినాలపాటు గాఢాంధకారం కమ్మింది. ఆ చీకటిని వర్ణిస్తూ గ్రంథకర్త రెండు సంగతులు చెబుతాడు. ఒకరికి ఒకరు కనపడలేదు, ఎవరూ ఉన్నచోటునుండి లేవలేదు. ఎంత అర్థవంతమైన వర్ణన! తోటి మనిషి కష్టం చూడనొల్లని రాజ్యంలో చివరకు ఎవరి ముఖమూ ఎవరికీ కనపడకుండా పోయింది. ఎదుటి మనిషి కనపడకపోవడమే నిజమైన చీకటి.

అదే గ్రంథంలో మరికొంత దూరం పోతే మరొక చీకటి కనిపిస్తుంది. సీనాయి పర్వతం వద్ద ప్రజలు భయపడి దూరంగా నిలిచినప్పుడు, మోషే దేవుడున్న గాఢాంధకారం దగ్గరకు నడచి వెళ్లాడు. తరువాతి కాలంలో సొలొమోను రాజు దేవాలయాన్ని ప్రతిష్ఠించిన నాడు కూడా, దేవుడు గాఢాంధకారంలో నివసించేవాడని స్మరించాడు. ఇది పాపపు చీకటి కాదు. మానవ బుద్ధికి అందని దైవత్వానికి గుర్తు. దేవుని దృష్టికి చీకటీ వెలుగూ ఒక్కటేనని 139వ కీర్తన రచించిన భక్తుడు నమ్మాడు. ఈ రెండు చీకట్లకు తేడా తెలియనివారు తమకు అర్థం కాని ప్రతిదానినీ అజ్ఞానమని, తమకు తెలియని ప్రతి మనిషినీ అజ్ఞాని అని అంటారు.

ప్రవక్తయైన యెషయా వెలుగును గురించి అనేక పర్యాయాలు పలికాడు. ఆ గ్రంథంలో 58వ అధ్యాయం పాఠశాలలు ప్రత్యేకంగా చదువుకోదగినది. ఆనాటి ప్రజలు నిష్ఠగా ఉపవాసాలు చేస్తూ, తమ కూలివారిని పీడిస్తూ, దేవుడు తమను గమనించడం లేదని ఫిర్యాదు చేశారు. అందుకు ప్రవక్త ఇచ్చిన జవాబు సూటిగా ఉన్నది. ఆకలిగొన్నవానికి అన్నం పంచిపెట్టి, ఇల్లు లేనివానిని ఇంట చేర్చుకొని, బట్టలు లేనివానికి వస్త్రమిచ్చిన నాడు వారి వెలుగు వేకువవలె ఉదయిస్తుంది. వెలుగు రావడానికి ఆయన పెట్టిన నిబంధన తోటివాని ఆకలి కంటికి కనపడడం.

ఇక యేసుక్రీస్తు బోధ. యెరూషలేములో పర్ణశాలల పండుగ జరిగేటప్పుడు దేవాలయంలోని స్త్రీల ఆవరణంలో ఎత్తైన బంగారు దీపస్తంభాలు వెలిగించేవారని యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన మిష్నా వర్ణిస్తుంది. ఒక్కొక్క స్తంభంపై నాలుగేసి బంగారు పాత్రలు, నిచ్చెనలెక్కి నూనె పోసే యువకులు, యాజకుల పాత వస్త్రాలను చించి పేనిన వత్తులు. ఆ కాంతి పట్టణంలోని ప్రతి ముంగిటా పడేదట. యేసు తానే లోకానికి వెలుగునని ప్రకటించినది ఆ పండుగ సందర్భంలోనే అని, ఆ దేవాలయంలోనే అని యోహాను సువార్త క్రమాన్ని బట్టి తెలుస్తుంది. ఆ దీపాల కాంతి ఒక పట్టణానికి, కొన్ని రాత్రులకు పరిమితం. ఆయన చెప్పినది లోకమంతటిని గురించి.

ఆ ప్రకటన వెనువెంటనే యోహాను ఒక గ్రుడ్డివాని కథ చెబుతాడు. అతడు పుట్టుగ్రుడ్డి. దారిలో అతనిని చూచిన శిష్యులు వేసిన మొదటి ప్రశ్న, అతని గ్రుడ్డితనానికి కారణం అతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని. యేసు రెండూ కావని త్రోసిపుచ్చారు. మన్ను తడిపి అతని కన్నులకు పూసి, సిలోయము కోనేటిలో కడుగుకొమ్మని పంపారు. అతడు చూపుతో తిరిగివచ్చాడు. అసలు కథ అక్కడినుండే మొదలవుతుంది. ఇరుగుపొరుగువారిలో కొందరు అతనిని ఆనవాలు పట్టలేకపోయారు. మతపెద్దలు విశ్రాంతి దినాన స్వస్థపరచడం తప్పని విచారణ మొదలుపెట్టారు. తల్లిదండ్రులు భయపడి, వాడు పెద్దవాడయ్యాడు, వానినే అడగండని తప్పించుకొన్నారు. చివరకు అతనిని సమాజంనుండి వెలివేశారు. కన్నులు తెరచుకొన్న దినాన అతని సంతోషం చూచి సంతోషించిన వారు ఒక్కరూ లేరు. వెలివేయబడినవానిని వెదకి కలుసుకొన్నది యేసు ఒక్కరే. తమకు చూపున్నదని గర్వించినవారే నిజమైన గ్రుడ్డివారని ఆయన ఇచ్చిన తీర్పుతో ఆ అధ్యాయం ముగుస్తుంది. చీకటిలో ఉన్నాడని అందరూ ఎంచినవాడు వెలుగులోనికి వచ్చాడు. వెలుగుకు తామే కాపలాదారులమనుకొన్నవారు చీకటిలో మిగిలిపోయారు.

ఈ కథను బోధించేవారు ఒక జాగ్రత్త పాటించడం అవసరం. అంధత్వం ఇక్కడ ఒక గుర్తు మాత్రమే. చూపులేనివారికి అది అపవాదు కారాదు. ఫ్రాన్సు దేశంలో 1809లో జన్మించిన లూయీ బ్రెయిలీ మూడేళ్ల వయసులో తండ్రి పనిముట్టు గ్రుచ్చుకొని, క్రమంగా రెండు కన్నులూ కోల్పోయాడు. 15 ఏళ్ల వయసుకే, 1824 నాటికి, ఆరు చుక్కలతో వేలికొసన చదువుకొనగలిగే లిపిని రూపొందించాడు. పారిస్ నగరపు చర్చిలలో ఆర్గన్ వాయించి జీవించిన భక్తుడాయన. చూపులేని ఆ బాలుడు లోకంలోని చూపులేనివారందరికీ అక్షరాలను అందించాడు. అతనిని చీకటి మనిషి అనడానికి ఎవరికి నోరు వస్తుంది?

అపొస్తలుడైన పౌలు కథ దీనికి రెండవ ప్రక్క. సౌలు అనే పేరుతో ఉన్నప్పుడు ఆయన ధర్మశాస్త్రంలో దిట్ట. తనకంటె భిన్నంగా నమ్మినవారిని బంధించడమే దైవసేవ అని నమ్మి దమస్కుకు బయలుదేరాడు. మధ్యాహ్నవేళ సూర్యకాంతిని మించిన వెలుగు చుట్టూ ప్రకాశించగా నేలకూలి, మూడు దినాలు చూపులేక ఉన్నాడు. ఆ వెలుగు మొదట చేసిన పని ఆయన కన్నులు మూయడం. ఆయన బంధింపవచ్చిన వారిలో ఒకడైన అననీయ వచ్చి, సహోదరుడా అని పిలిచి, తలపై చేతులుంచిన తరువాతనే చూపు వచ్చింది. శత్రువని తలచినవాని నోట సహోదరుడనే పిలుపు విన్నాకనే ఆయన కన్నులు తెరచుకొన్నాయి.

ఈ బోధకంతటికీ సారం యోహాను మొదటి పత్రికలో ఉన్నది. వెలుగులో ఉన్నానని చెప్పుకొంటూ సహోదరుని ద్వేషించేవాడు ఇంకా చీకటిలోనే ఉన్నాడని ఆ పత్రిక తేల్చిచెబుతుంది. వెలుగులో ఉన్నవారిని గుర్తించడానికి పెట్టిన పరీక్ష సహోదర ప్రేమ ఒక్కటే. కులం, దేశం, శరీరపు రంగు, చదువు ఈ పరీక్షకు ఆనవు.

ఈ పరీక్షలో క్రైస్తవ సమాజం ఎల్లప్పుడూ ఉత్తీర్ణమైనదని చెప్పడానికి వీలులేదు. 1878లో హెన్రీ స్టాన్లీ అనే యాత్రికుడు ఆఫ్రికా ప్రయాణాలపై ప్రచురించిన గ్రంథం ఆ ఖండానికి ‘చీకటి ఖండం’ అనే పేరును లోకమంతటా ప్రచారం చేసింది. ఆ ఖండంలోని ఇతియోపియా సీమలో ఎజానా రాజు 4వ శతాబ్దంలోనే క్రైస్తవ మతాన్ని స్వీకరించాడు. క్రైస్తవ వేదాంతంలో మేటియైన అగస్టీన్ 354లో ఉత్తర ఆఫ్రికాలోనే జన్మించాడు. చీకటి ఆ నేలమీద లేదు, చూచినవారి తెలివిలో ఉన్నది. అంత దూరం పోనవసరం లేదు. నల్లని మేనిఛాయ గల ఆడపిల్ల పుట్టిన ఇంట వినవచ్చే నిట్టూర్పు, వేలిముద్ర వేసే తండ్రిని చూచి కార్యాలయంలో వినవచ్చే చిన్న నవ్వు, పొరుగువాని దేవుని గురించి వేదికలమీద పలికే పరుషమైన మాట ఇవన్నీ ఆ జాతికి చెందినవే. వెలుగు పేరు చెప్పి మనిషిని చిన్నబుచ్చినప్పుడల్లా ఐగుప్తు చీకటి తిరిగి కమ్ముకొంటుంది.

తెలుగువారి విషయానికి వస్తే, బైబిలును తెలుగు చేసినవారు ఈ వెలుగును తెలుగింటికి తెచ్చిన తీరు ఎంతో ముచ్చటైనది. దీపాన్ని వెలిగించి మూతవేయరాదని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పిన ఉపమానంలో, మూతపెట్టే పాత్రకు వారు వాడిన మాట ‘కుంచం’. ధాన్యం కొలిచే కుంచం తెలుగు రైతు ఇంట ఉండే వస్తువు. పదిమంది కన్యకల ఉపమానంలో వారి చేతుల్లో ఉన్నవి ‘దివిటీలు’, నూనె ఉన్నది ‘సిద్దెల’లో. లూకా సువార్తలో జెకర్యా గానంలో రాబోయే రక్షకుని రాక ‘అరుణోదయం’. తెలుగు గడ్డకు వెలుపల స్థిరపడిన కుటుంబాలలో కుంచం కొలతా పోయింది, సిద్దె అనే పాత్రా పోయింది. కానీ ఆ మాటలు ఆదివారం నాడు చదివే గ్రంథంలో నిలిచి ఉన్నాయి. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటి కవులు రాగతాళాలతో రచించిన క్రైస్తవ కీర్తనలు కూడా అట్లే ఆ భాషను నిలిపి ఉంచాయి.

కుంచం ఉపమానంలో ఒక అంశం తరచుగా విస్మరింపబడుతున్నది. దీపస్తంభంపై పెట్టిన దీపం ఇంటిలోని వారందరికీ వెలుగు ఇస్తుందని యేసు చెప్పారు. ఇంటిలో దీపం పెట్టేది దీపాన్ని చూడడానికి కాదు. దాని వెలుగులో బిడ్డ ముఖం తల్లికి, ముసలి తండ్రి ముఖం కొడుకుకు కనపడడానికి. ఆ కొండమీద ఆయన మాటలు విన్నవారిలో చేపలు పట్టేవారు, రోగులను మోసుకొని వచ్చినవారు ఉన్నారు. లోకానికి వెలుగని ఆయన పేర్కొన్నది అటువంటివారిని.

క్రీస్తు మరణ పునరుత్థానాలలో ఈ రెండు గుర్తులూ ఎదురెదురుగా నిలుస్తాయి. ఆయన సిలువపై ఉన్నప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటలనుండి మూడు గంటలవరకు చీకటి కమ్మిందని సువార్తలు చెబుతాయి. పునరుత్థాన దినాన మగ్దలేనే మరియ సమాధి వద్దకు వచ్చేటప్పటికి ఇంకా చీకటిగానే ఉన్నది. తెల్లవారిన తరువాత సమాధి తెరచుకోలేదు. తెల్లవారక ముందే ఆ కార్యం ముగిసిపోయింది. కథోలిక సంఘాలలో ఈస్టరు జాగరణ రాత్రి ఆలయంలో దీపాలన్నీ ఆర్పి, వెలుపల కొత్త అగ్ని రగిలించి, దానినుండి పెద్ద కొవ్వొత్తిని వెలిగిస్తారు. దానిపై ఆ సంవత్సరపు అంకెలు గుర్తించి ఉంటాయి. దానినుండి ఒకరి కొవ్వొత్తి, ఆ ఒకరినుండి మరొకరిది వెలుగుతూ ఆలయమంతా కాంతి నిండుతుంది. ఎంతమందికి పంచినా మొదటి జ్వాల రవ్వంతైనా తగ్గదు. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలు అనేకం ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసిన సమాధులపై పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తాయి. కడుపున పుట్టినవానిని పోగొట్టుకొన్న తల్లి ఆ మసకచీకటిలో చిన్న జ్వాలకు చేయి అడ్డుపెట్టి నిలబడి ఉండడం చూచినవారికి వెలుగు అంటే ఏమిటో వేరుగా వివరించనవసరం లేదు. ఆమె దుఃఖం తీరలేదు. అయినా ఆమె చీకటిలోనే లేచి నడచి వచ్చింది.

ఎంతటి భక్తులకైనా వెలుగు కనపడని కాలాలు ఉంటాయి. స్పెయిను దేశపు యోగి సిలువ యోహానును ఆయన మఠసంస్కరణలు గిట్టని సొంత సభవారే 1577 డిసెంబరులో తొలేదో నగరంలో ఒక ఇరుకు గదిలో బంధించారు. ఎనిమిది నెలలకు పైగా అక్కడ గడిపి, 1578 ఆగస్టులో ఒక రాత్రి తప్పించుకొన్నారు. ఆత్మ గడిపే చీకటి రాత్రిని దేవునివద్దకు నడిపించే దారిగా వివరించిన ఆయన రచనలు ఆ అనుభవం తరువాత వచ్చినవి. మదర్ తెరెసా 1952లో కలకత్తా కాళీఘాట్‌లో మరణానికి చేరువైన నిరుపేదలకు నిర్మల్ హృదయ్ ప్రారంభించారు. ఆమె 1997లో మరణించిన పదేళ్లకు, 2007లో, ఆమె ఆంతరంగిక లేఖలు ప్రచురితమయ్యాయి. దాదాపు 50 ఏళ్లపాటు ఆమె అంతరంగంలో దైవసన్నిధి అనుభవానికి రాక, చీకటి నిండి ఉన్నదని వాటివలన లోకానికి తెలిసింది. కొందరు ఆశ్చర్యపడ్డారు, కొందరు ఆమె విశ్వాసాన్నే శంకించారు. కానీ వీధిలో పడి ఉన్నవాని ముఖం ఆమెకు ఏ రోజూ కనపడకుండా పోలేదు. తన మనసులో వెలుగు తోచనప్పుడు కూడా ఆమె ఇతరుల ప్రక్కన దీపం పెట్టడం మానలేదు. పరీక్ష యోహాను పత్రిక పెట్టినదే అయితే, ఆమె వెలుగులోనే నడిచారని చెప్పవలసి ఉంటుంది.

కనుక దుఃఖంలోనూ సందేహంలోనూ ఉన్నవారిని విశ్వాసం లేనివారని నిందించడం ధర్మం కాదు. వారి చీకటి సీనాయి కొండమీది చీకటి కావచ్చు. నిందించేవారి చీకటి ఐగుప్తు చీకటి కావచ్చు.

ఈ విషయం పాఠశాలకు ఎంతో దగ్గరది. విద్య వెలుగు అనే మాట ప్రతి వార్షికోత్సవంలోనూ వినవస్తుంది. ఆ వెలుగు మొదటి వరుసలో కూర్చున్న పదిమందిపై మాత్రమే పడితే అది కుంచం క్రింది దీపమే. చివరి బల్లపై తలవంచుకొని కూర్చున్న బాలుడు మందబుద్ధి అని ముద్రపడక ముందు, అతడు ఉదయం ఏమైనా తిని వచ్చాడా, నల్లబల్లమీది అక్షరాలు అతని కంటికి ఆనుతున్నాయా అని విచారించే ఉపాధ్యాయుడు వెలుగులో ఉన్నాడు. మార్కుల పట్టికను మాత్రమే చూచి బిడ్డ ముఖాన్ని చూడని తల్లిదండ్రులు, ఎన్ని దీపాలు వెలిగించినా, చీకటిలోనే ఉన్నారు. చదువుకొని పైకి వచ్చిన పూర్వ విద్యార్థి, తనను ఇంతవానిని చేసిన అక్షరం రాని తల్లి ప్రక్కన పదిమందిలో సగర్వంగా నిలబడగలిగితే, అతని చదువు దీపస్తంభం ఎక్కినట్లే.

డెబ్బది అయిదు సంవత్సరాలుగా పరాయి భాషల నడుమ తెలుగు అక్షరానికి దీపం పెడుతూ వచ్చిన ఈ సంస్థ వేదికపై ఈనాడు వెలిగించిన దీపం, ఇక్కడ చేరిన ప్రతివారి ముఖాన్నీ పక్కవారికి చూపించునుగాక.